కుప్పం దాకా పెట్రోలు వాసన

ప్రయాణాల గురించి రాసేవాళ్లు కాశీకి పోయి రాస్తారు, కాశ్మీరుకు పోయి రాస్తారు. నేను కుప్పం పోయొచ్చి రాస్తున్నాను. మదనపల్లెలో బస్సెక్కి రెండు కునుకులు తీస్తే వచ్చే ఊరు, దాని గురించి ఏముందమ్మా రాయడానికి అని నవ్వకండి. పాత మోటారు సైకిలు వెనక సీటు మీద, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ముందు కూర్చున్న మనిషి అలకను కూడా మోసుకుంటూ ఒకసారి పోయి చూడండి. కుప్పం కూడా కాశీ అంత దూరమవుతుంది.

ముందు మా మనుషుల్ని చెప్తాను. నేను ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషిని. మా ఆయన రెడ్డెప్ప టమోటా మండీలో వేలంపాట పాడతాడు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా అరిచే ఉద్యోగం కాబట్టి ఇంటికొచ్చి ఉప్పు అడిగినా పక్క వీధి దాకా వినిపిస్తుంది. కుప్పంలో ఉండేది నా తమ్ముడు మునిరత్నం. కొత్తిమీర, బంతిపూలు మార్కెట్లకు తోలుతాడు. ఈ మధ్య ఒక లగేజీ ఆటో కొనుక్కుని, తన మోటారు సైకిలును మా ఆయనకు అమ్మాడు. "బయటోళ్లకిస్తే మళ్లీ కంటికి కనపడదు బావా. నీ కాడుంటే నా కాడ ఉన్నట్టే" అని తనే తోలుకొచ్చి మా వాకిట్లో నిలబెట్టి పోయాడు.

కొన్ని వారాలు బాగానే ఉంది. తర్వాత మొదలైంది వాసన. బండి వాకిట్లో ఉంటే నేను వంటింట్లో తుమ్మేదాన్ని. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏం చంద్రమ్మా, పెట్రోలు బంకు పెట్టినారా ఏంది?" అని అడిగింది. మా ఆయన మెకానిక్కుకు చూపించాడు. అతను ఏదో బిగించాడు. వాసన పోలేదు. ఇంకొకతనికి చూపించాడు. అతను బిగించినదాన్ని వదులు చేశాడు. అయినా పోలేదు.

అప్పుడు మా ఆయన వాకిట్లో నిలబడి కుప్పానికి ఫోను చేశాడు. వేలంపాట గొంతే. "బావకని కూడా చూడకుండా కంపుకొట్టే బండిని అంటగట్టినావు కదరా!" అన్నాడు. వీధి వీధంతా విన్నది. తమ్ముడు "సరే బావా, తెచ్చి ఈడ్నే వదిలేయ్" అని పెట్టేశాడట. ఆ రోజు నుంచి వాడు నాకు ఫోను చెయ్యలేదు. పొద్దున్నే మార్కెట్టు నుంచి తిరిగొస్తూ "ఏం చేస్తాండావక్కా" అని అడగనిదే వాడికి కాఫీ దిగేది కాదు. అలాంటివాడు మానేశాడు. అమ్మా నాయనా పోయాక నాకు పుట్టిల్లంటే వాడొక్కడే.

మా ఆయన తీర్పు చెప్పేశాడు. బండిని తీసుకుపోయి కుప్పంలో వదిలిపెట్టి బస్సులో తిరిగి రావడం, ఆ పైన ఆ ఇంటి గడప తొక్కకపోవడం. "నేనూ వస్తాను" అన్నాను. తమ్ముణ్ని కడసారి చూసుకోవడానికేమో అనుకుని ఒప్పుకున్నాడు. నా లెక్క వేరు. మదనపల్లెకూ కుప్పానికీ మధ్య ఊరికొక మెకానిక్ షెడ్డు ఉంది. కుప్పం చేరేలోపల ఆ వాసన ఎక్కణ్నుంచి వస్తోందో తేలిపోతే నా పుట్టిల్లు నాకు మిగులుతుంది. తేలకపోతే లేదు.

మదనపల్లె

బయలుదేరే పొద్దున మా ఆయన బండి కడిగాడు. ప్రతి శుక్రవారం చేసే పనే, ఆ రోజు శుక్రవారం కాకపోయినా చేశాడు. హెడ్‌లైటుకు పసుపు, హ్యాండిలుకు పూలదండ, ట్యాంకు మూత మీద గంధం దట్టంగా పూసి మధ్యలో కుంకుమ బొట్టు. ముఖానికి పౌడరు రాసుకోవడానికి బద్ధకించే మనిషి బండికి మాత్రం పెళ్లికూతురి అలంకారం చేస్తాడు.

"వదిలేసి వచ్చే బండికి పూజ యాల?" అన్నాను.

"బండి మీద నాకేం కోపం లేదు. ఇచ్చినోడి మీదే" అన్నాడు.

చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి కదిలాం. టమోటా లారీల వెనక, వాటి నుంచి కారే రసం మీద జారకుండా ఊరు దాటేసరికి నా కొంగు ముక్కు మీదికి వచ్చేసింది. గాలి తగిలినప్పుడు వాసన కొంచెం తగ్గుతుంది. స్పీడు బ్రేకరు దగ్గర నెమ్మదించగానే వెనక్కి తిరిగి పలకరిస్తుంది.

పుంగనూరు

మా ఆయన్ను ఆపాలంటే బ్రేకు అక్కర్లేదు, బజ్జీల బండి కనపడితే చాలు. పుంగనూరు బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. ఆ బండి మెకానిక్ షెడ్డు పక్కనే ఉండడం నా అదృష్టం. టీ పది రూపాయలు, మా ఊళ్లోలాగే. గ్లాసు మాత్రం మా ఊరిదానికంటే చిన్నది. ఆ మాట పైకి అన్నాను. "పాలు సిక్కనమ్మా, అందుకే గ్లాసు సిన్నది" అని టీ కొట్టాయన తడుముకోకుండా చెప్పాడు.

మెకానిక్కు పేరు మస్తాను. నోట్లో వెలిగించిన బీడీతో వచ్చి ట్యాంకు మీదికి వంగబోయాడు. నేను కెవ్వుమన్నాను.

"ఏమ్మా, అట్ల అరుస్తావు?"

"పెట్రోలు వాసన సూసేదానికి నిప్పు పెట్టుకొని వస్తావా అప్పా?"

"ఇన్నేండ్లుగా ఏమీ కాలేదమ్మా."

"ఒక్కసారైతే సాలదా?"

అతను నవ్వి బీడీని దూరంగా పోయి ఆర్పి, చెవి వెనక పెట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత బండిని శ్రద్ధగానే చూశాడు. కింద కూర్చున్నాడు, పక్కకు వంగాడు, గుడ్డతో తుడిచి మళ్లీ వాసన చూశాడు. పెట్రోలు పైపు మెత్తబడిందని కొత్తది వేశాడు. చివరికి ట్యాంకు మూత వైపు చెయ్యి పోనిచ్చి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"సామి బొట్టుండాది. నా చేతులు సూడమ్మా, గలీజు. ఆడేమీ ఉండదులే" అని దూరం నుంచే దణ్ణం పెట్టాడు. మా ఆయనకు అతని మీద గౌరవం రెట్టింపయింది. పండగలూ మతాలూ అడ్డం లేకుండా అందరి బొట్టునూ మన్నించే ఊళ్లు మావి. ఆ మన్నన మాకేం చేసిపెట్టిందో ముందు ముందు చెప్తాను.

పైపు మారుస్తున్నంతసేపూ మా ఆయన బజ్జీలు తింటూ కనపడినవాళ్లకల్లా "నా బామ్మర్ది మోసం చేసినాడప్పా" అని చెప్పుకున్నాడు. విన్నవాళ్లలో ఒకాయన పుంగనూరు ఆవును తోలుకుపోతున్నాడు. ఆ ఆవు నా నడుముకు కూడా రాలేదు. మా వీధి కుక్క పక్కన నిలబెడితే అక్కాచెల్లెళ్లనుకుంటారు.

"పాలెంతిస్తాదప్పా?" అని అడిగాను.

"పాలకు యాడమ్మా ఇప్పుడు? కార్లలో వచ్చి పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటాండారు. దానికే దీనికి తీరిక లేదు" అన్నాడు. ఆవు కూడా అవునన్నట్టే నిలబడింది. మా ఆయన బామ్మర్ది కథ మళ్లీ మొదలుపెట్టబోతే, "ఎంతైనా బామ్మర్దే గదప్పా" అని ఆవును తోలుకుని వెళ్లిపోయాడు. ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు.

పలమనేరు

కొత్త పైపుతో పలమనేరు దాకా వాసన లేదు. నేను కొంగు దించేశాను. మనసులోనే మస్తానుకు దండ వేశాను. ఊళ్లోకి వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. సంగటి మెస్సు ముందు బండి ఆపి లోపలికి పోయాం.

మెస్సు నడిపే మంగమ్మ మనిషి ఎంతో సంగటి ముద్ద అంత. మా ఊళ్లో ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు. ఈమె నాటుకోడి పులుసే పోసింది, ఒక పక్క చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. అది నాలుక్కు తగలగానే కళ్లలో నీళ్లొచ్చాయి, అయినా చెయ్యి ఆగలేదు. మా ఆయన రెండో ముద్ద అడిగితే ఆమె ముఖం ఎంత వెలిగిపోయిందో, బిల్లులో ఆ ముద్ద వెయ్యనేలేదు.

బయటికొచ్చేసరికి నా సంతోషం ఆవిరైపోయింది. ఎండలో నిలబడిన బండి చుట్టూ మళ్లీ అదే వాసన. మంగమ్మ కూడా వచ్చి, ముక్కు చిట్లించి, నా చెవిలో "దిష్టమ్మా ఇది" అంది. నేను తల ఊపాను. మా ఆయన ముఖంలో మాత్రం గెలిచిన కళ. "సూస్తివా? పైపు కాదు, ఏమీ కాదు. బండి పుటకే అంత" అన్నాడు.

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. "ఈడ ఒకరికి సూపిస్తేనే నేను కదిలేది" అన్నాను. మంగమ్మ నా పక్కన చేరింది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే మెట్టు మీద కూర్చుంటే మా ఆయన ఏం చేయగలడు? ఆ వీధి చివర మెకానిక్కు పెట్రోలు కాక్ ఊడదీసి వాషరు మార్చాడు, కార్బరేటరు విప్పి కడిగాడు. అతనూ ట్యాంకు మూత జోలికి పోలేదు. "పూజ సేసిండారు, నేనెందుకు ముట్టుకునేది" అన్నాడు. పని అయ్యేసరికి పొద్దు గుంకింది. రూము కోసం వెతుకుతామంటే మంగమ్మ కోప్పడింది. "నా సేతి సంగటి తిన్నాక మీరు పరాయోళ్లా?" అని ఇంటికి పిలుచుకుపోయి చాపలు పరిచింది. మదనపల్లెలో నేను ముక్కూ మొహం తెలియనివాళ్లను ఇలా ఇంట్లో పడుకోబెడతానా అని ఆలోచించాను. పడుకోబెట్టననే జవాబు వచ్చింది.

తెల్లారి లేచి చూస్తే మా ఆయన బండి కడుగుతున్నాడు. మంగమ్మ దేవుడి గూట్లో గంధం అడిగి తీసుకుని ట్యాంకు మూత మీద, నిన్నటి గంధం మీదే, ఇంకొక పట్టు వేశాడు. మంగమ్మ టీ ఇస్తూ, "బామ్మర్దిని తిట్టేది రొంత తగ్గించప్పా, అరుగుదల బాగుంటాది" అంది. 

బైరెడ్డిపల్లె దాటినాక

బైరెడ్డిపల్లె దాకా దారికి రెండు పక్కలా మల్బరీ తోటలు, టమోటా మొక్కలకు పాతిన కట్టెలు. తర్వాత అడవి దగ్గరపడింది. "ఏనుగులు తిరుగు ప్రాంతం" అని బోర్డు. సరిగ్గా ఆ బోర్డు కింద బండి దగ్గి దగ్గి ఆగిపోయింది.

మా ఆయన కిక్కు కొట్టాడు. కొట్టి కొట్టి అలిసి, పెట్రోలు ఉందో లేదో చూద్దామని తాళం తిప్పి, బొట్టు చెదరకుండా రెండు వేళ్లతో మూత ఎత్తాడు. ఉస్సుమంది. లోపల పెట్రోలు నిండుగా ఉంది. మూత వేసి కిక్కు కొడితే బండి లేచింది. "నా సెయ్యి అట్లాంటిది" అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ ఆగింది. మళ్లీ మూత, మళ్లీ ఉస్సు, మళ్లీ లేచింది. మూడోసారి ఆగినప్పుడు కొత్తిమీర మోపులతో పోతున్న ఒకాయన స్కూటరు నెమ్మది చేసి, "ఈడ నిలబడొద్దప్పా, నిన్న సాయంత్రం గుంపు దిగింది" అని చెప్పి, తను మాత్రం నిలబడకుండా వెళ్లిపోయాడు.

మా ఆయన వేలంపాట గొంతు ఎక్కడికి పోయిందో తెలీదు. "మీ తమ్మునిది..." అని గుసగుసగా మొదలుపెట్టాడు.

"ఉండు" అన్నాను. నాకు ఏనుగుల భయం కంటే ఇంకొకటి బుర్రలో తిరుగుతోంది. నా కుట్టుమిషను నూనె డబ్బీ. దానికి పైన చిన్న బొక్క ఉంటుంది. అందులో దుమ్ము చేరితే డబ్బీని ఎంత వంచినా నూనె దిగదు. సూదితో పొడిస్తే చాలు, కారుతుంది. గాలి లోపలికి పోతేనే నూనె బయటికి వస్తుంది. ఈ బండి కూడా మూత తీసినప్పుడల్లా లేస్తోంది.

"ఈ మూతకు గాలి బొక్క యాడుండాది?" అన్నాను.

"ఉంటాది యాడో."

"యాడ?"

ఇద్దరం వంగి చూశాం. గంధం. దాని కింద గంధం. దాని కింద ఎండి రాయైన గంధం. ఇన్ని శుక్రవారాల భక్తి పొరలు పొరలుగా ఉంది, దాని మీద నిన్నటిదీ ఇవాళ్టిదీ. నేను కొంగుకు పెట్టుకున్న పిన్నీసు తీశాను.

"సామి బొట్టు గీకుతావా!" అన్నాడు మా ఆయన.

"సామికి మాత్రం గాలి ఆడొద్దా?" అన్నాను.

సీసాలోని నీళ్లు పోసి నానబెట్టి, పిన్నీసుతో గీకుతూ పోతే తాళం బొక్క పక్కన చిన్న కన్నం బయటపడింది. అందులోనూ గంధమే, బిరడా కొట్టినట్టు. పొడిచి తీశాను. మూత తిప్పి చూస్తే లోపలి వాషరు చుట్టూ పెట్రోలు చెమ్మ. ఎండలో ట్యాంకు వేడెక్కినప్పుడు పెట్రోలు ఆవిరి పోయే దారి లేక, వాషరు సందుల్లోంచి తన్నుకుని వచ్చేది. మేం కొంగులు అడ్డం పెట్టుకున్నది దానికే. దారిలో ఇద్దరు మెకానిక్కులు బండి అంతా విప్పారు, బొట్టున్న చోటు తప్ప.

మా ఆయన ఆ మూత వైపు చాలాసేపు చూశాడు. నేను నవ్వాపుకోలేక చచ్చాను. అడవి కాబట్టి, ఏనుగులు వింటాయని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వి.కోట దాకా బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. అక్కడ కావాలనే మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టాం. పాలు పొంగకుండా కాపలా కాసినట్టు చెరో పక్క నిలబడి వాసన చూస్తుంటే, పూల మార్కెట్టుకు వచ్చినవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. బంతిపూల వాసన వచ్చింది. కొత్తిమీర వాసన వచ్చింది. పెట్రోలు వాసన రాలేదు.

అప్పుడు నా ప్రాణం కుదుటపడాలి కదా? పడలేదు. మా ఆయన టీ తాగుతూ, "మెకానిక్కు పట్టుకున్నాడని చెప్దాం" అన్నాడు.

"ఏ మెకానిక్కు?"

గ్లాసు తిప్పుతూ, "అది కాదు. వదిలేస్తానని అందరు వినేట్టు మాట అనేసినాను. ఇప్పుడు మళ్లీ ఎక్కొని తిరిగిపోతే నా మర్యాదేం గాను? బండి ఇచ్చేసే వద్దాం" అన్నాడు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీ మర్యాద ఇంటికాడ పెట్టి పూజ సేసుకుందాం. నాకు నా తమ్ముడు కావల్ల" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి బండెక్కాడు. అక్కణ్నుంచి కుప్పం దాకా నేను పక్కకు తిరిగే కూర్చున్నాను.

కుప్పం

కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే గిన్నెలో ఉడుకుతాయి. పూల కొట్టాయన ముందున్న మనిషితో తమిళంలో బేరమాడి, నాతో తెలుగులో మాట్లాడి, లోపలున్న భార్యను కన్నడంలో కసిరాడు. మా ఊళ్లో మూర పూలు అడిగితే మోచేయి దగ్గర మొదలుపెడతారు. ఈయన భుజం దాకా పోయి కొలిచాడు. మరదలికి రెండు మూరలు కట్టించాను. ఇంకో సమయంలోనైతే ఆ భుజం మూర గురించి మా ఆయన వారం రోజులు మాట్లాడేవాడు. ఆ రోజు చూడనే లేదు.

తమ్ముడి ఇంటి ముందు రేకుల చావిడి ఖాళీ చేసి ఉంది. కొత్తిమీర గంపలన్నీ ఒక పక్కకు జరిపి, నేల ఊడ్చి, బండి నిలబెట్టడానికి గోనెపట్ట పరిచారు.  వాడు నిజంగానే బండి తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

మునిరత్నం బయటికి వచ్చాడు. చిక్కిపోయాడు. "రాక్కా" అని నేలను చూస్తూ అన్నాడు. మరదలు నీళ్ల చెంబు తెచ్చి నిలబడింది. వాడు మా ఆయన ముందుకొచ్చి తాళం కోసం చెయ్యి చాపాడు.

మా ఆయన తాళం తీశాడు.  ఆయన తాళం వైపు, చాపిన చెయ్యి వైపు చూశాడు. నోరు తెరిచాడు. మాట మండీలో వచ్చినట్టే వచ్చింది.

"మునిరత్నం! నీ బండిలో ఏ దోషమూ లేదప్పా! నేనే మూత మీద గంధం పూసి పూసి గాలి బొక్క మూసేసినాను! తప్పు నాది! నిన్ను అనరాని మాట అన్నాను!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను ఆపలేదు. ఏ గొంతుతో తిట్టాడో ఆ గొంతుతోనే చెప్పనీ అనుకున్నాను. మా ఆయన తాళాన్ని జేబులో వేసుకుని, "బండి నాదే. ఇయ్యను" అని ఇంకొంచెం గట్టిగా అని, ఆయాసపడుతూ ఆగాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

తమ్ముడు నవ్వలేదు. "పోనీలే బావా" అని మాత్రం అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బావ అన్నాడు, సరే. నువ్వేమనుకున్నావక్కా? నీకు సెడ్డ బండి ఇస్తానని నమ్మినావా?"

వాడు ఇన్ని రోజులూ ఫోను చెయ్యనిది అందుకన్నమాట. బావ మాటకు కాదు, నేనేమంటానో అని భయపడి. 

"నమ్మింటే దాని మీద కూర్చోని ఇంత దూరం వస్తానా రా?" అన్నాను.

 నేను ఏడ్చేశాను, దాచుకోలేదు. వాడు నా భుజం మీది సంచి తీసుకున్నాడు.

"ఇంట్లోకి రాక్కా" అన్నాడు. ఈసారి నా మొహం చూసి అన్నాడు.